ఒకటి పోయిందంటే వరసగా మూడు పోతున్నాయి

ప్రశ్న: మాది చిత్తూరు. వయసు 36. రెండేళ్లుగా నెలకోసారి హైదరాబాద్ వెళ్లి ట్రాప్ షూటింగ్, అంటే మెషీను గాలిలోకి విసిరే క్లే బిళ్లలను తుపాకీతో పగలగొట్టే ఆట, ఆడుతున్నాను. తుపాకీ క్లబ్బుదే, పన్నెండు బోరు, పైనా కిందా గొట్టాలున్నది. వెళ్లిన ప్రతిసారీ నాలుగు రౌండ్లు, అంటే వంద క్లేలు. స్కోరు 25కి 17, 18 దగ్గరే ఆగిపోయింది. ఒక్కసారి మాత్రం 21 వచ్చింది. మొదటి ఎనిమిదో పదో బాగానే పగులుతాయి. ఒకటి లాస్ట్ (పగలకుండా పోవడం) అయిందంటే వెంటనే ఇంకో రెండు పోతాయి, ఆ పైన చేతులు బిగుసుకుంటాయి. సొంత తుపాకీ కొనమని ఒకరంటారు, ధ్యానం చెయ్యమని ఇంకొకరంటారు. బంగారుపాళ్యం దగ్గర మాకు మామిడి తోట ఉంది. అక్కడ క్లే విసిరే మెషీను పెట్టుకుని సాధన చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: తోట సంగతి ముందు తేల్చేద్దాం. వద్దండీ. ట్రాప్‌లో వాడే 7½ నంబరు గుండ్లు, అంటే తూటాలోని సన్నటి సీసపు పూసలు, పైకి కాలిస్తే 200 మీటర్ల అవతల కూడా పడతాయి. మామిడి తోటల మధ్య అంత మేర మనిషీ పశువూ లేని చోటు ఉండదు. పైగా 2016 ఆయుధ నియమాల ప్రకారం షూటింగ్ రేంజి నడపాలంటే దానికి విడిగా లైసెన్సు ఉండాలి. మన జిల్లాలో పంట కాపలాకని లైసెన్సు తుపాకీలున్న ఇళ్లు ఉన్నాయి కదా, వాటిలో ఒకటి తెచ్చి ఆడదామన్నా కుదరదు. లైసెన్సు మీద ఏ పనికని రాసి ఉందో తుపాకీ ఆ పనికే. సీసం మట్టిలో చేరడం మరో బాధ. తోటలో చేయదగిన సాధన వేరే ఉంది, తుపాకీతో పని లేనిది. దాని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు అసలు విషయం. "ఒకటి పోతే వెంటనే ఇంకోటి పోతోంది, కాబట్టి నా మనసు బలహీనం" అని మీరు తీర్మానించుకున్నట్టుంది. మనసు మీద నేరం మోపే ముందు లెక్క చూడండి. 25లో 7 పోతున్నాయనుకుందాం. ఆ ఏడింటినీ చీట్లు తీసినట్టు ఎక్కడపడితే అక్కడ వేసినా, పక్కపక్కన పడే జంటలు రౌండుకు సగటున ఒకటిన్నర పైనే ఉంటాయి. అంటే 18 కొట్టేవాడికి వరసగా రెండు పోవడం మామూలు సంగతి. అందులో భయం పాలు ఏమీ లేకపోయినా పోతాయి. ఆ మామూలు సంగతిని జబ్బనుకుని చేతులు బిగించేస్తే, అప్పుడు నిజంగానే జబ్బు పట్టుకుంటుంది.

మీ విషయంలో ఏది నిజమో తేల్చడానికి ఒక నోటుపుస్తకం చాలు. ప్రతి క్లేకి నాలుగు సంగతులు రాయండి: ఏ స్టేషన్ (నిలబడి కాల్చే చోటు), ఎటు పోయింది, మొదటి తూటాకా రెండోదానికా పగిలింది, లాస్టా. రౌండు మధ్యలో రాయకండి. అయిపోయాక స్కోరు షీటు ముందు పెట్టుకుని, గుర్తున్నంత వరకు నింపండి. పది రౌండ్లయ్యేసరికి మీ చేతిలో 70 దాకా లాస్టులుంటాయి. ప్రతి లాస్టు తర్వాతి క్లే ఏమైందో లెక్కపెట్టండి. మీ మామూలు సగటు నూటికి 72 కనుక ఆ డెబ్బైలో 50 పగలాలి. 48, 52 అలా వస్తే మీ మనసుకు ఏ రోగమూ లేదు, ఉన్నది గురిలో లోపం. 40కో అంతకు తక్కువకో పడిపోతే అప్పుడు లాస్టు తర్వాత మీరేదో మారుస్తున్నారని అర్థం.

అదే పుస్తకంలో దిక్కు కూడా చూడండి. ఒలింపిక్ ట్రాప్‌లో ఒక రౌండులో ఎవరికైనా ఎడమకు 10, కుడికి 10, నడిమి మెషీను నుంచి 5 వస్తాయి. వరస ముందే తెలియదు గానీ మొత్తం అంతే. ఏడు లాస్టుల్లో ఐదు కుడివైనా, మూడు ఐదో స్టేషన్‌లోనే పోతున్నా, ఏ ధ్యానమూ దాన్ని బాగుచెయ్యదు. పాదాలు బాగుచేస్తాయి. కుడి చేతివాటం వాళ్లకు ఐదో స్టేషన్‌లో కుడికి 45 డిగ్రీల దాకా దూసుకుపోయే క్లే దగ్గర నడుము తిరగడం మధ్యలో ఆగిపోతుంది. నడుము ఆగితే చేతులు తోస్తాయి, చేతులు తోస్తే చెంప చెక్కనుంచి లేస్తుంది. అక్కడ ముందే రెండు పాదాలనూ కాస్త కుడికి తిప్పి నిలబడాలి. బొడ్డు ఎటు చూస్తోందో అటువైపే తుపాకీ సుళువుగా తిరుగుతుంది. క్లేను ఎక్కడ పగలగొట్టాలనుకుంటారో ఆ చోటుకేసి బొడ్డు ఉండాలి. ఒకటో స్టేషన్‌లో ఇదే ఎడమకు. పాదాల మధ్య భుజాలంత ఎడం మించనక్కర్లేదు. బరువు ముందు కాలి మీద కాస్త ఎక్కువ, మోకాలు బిగించకుండా.

లాస్ట్ తర్వాత ఏం మారుతుంది? దాదాపు అందరిలోనూ మారేది చూపు. క్లే ట్రెంచ్ (ముందున్న మెషీన్ల గుంట) నుంచి గంటకు 100 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో బయటికొస్తుంది. బాగా కొట్టేవాళ్లు మొదటి తూటా పేల్చేసరికి అది వాళ్లకు 35 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. గుండ్లు అంత దూరం పోవడానికి సెకనులో పదో వంతు, కొంచెం అటూ ఇటూ పడుతుంది. ఆలోపు క్లే రెండు మీటర్లకు పైగా కదిలిపోతుంది. దాని ముందుకు కాల్చాలన్నది ఈ లెక్క వల్లే. అయితే ఆ ముందును కంటితో కొలవబోతే పని చెడుతుంది. "ఇందాక పోయింది, ఈసారి జాగ్రత్తగా" అనుకోగానే కన్ను క్లే నుంచి గొట్టం చివర ఉన్న బీడ్ మీదికి వస్తుంది, ఎంత ఎడం ఉందో సరిచూడటానికి. కన్ను బీడ్ మీదికి వచ్చిన క్షణం తుపాకీ ఆగుతుంది. ఆగితే గుండ్లు క్లే వెనక నుంచి పోతాయి. మీరు చెప్పిన "వెంటనే ఇంకో రెండు" అక్కడ పుడుతున్నాయి. జాగ్రత్త పెరిగినకొద్దీ గురి తగ్గేది అందుకే. బంతిని పట్టేవాడు తన అరచేయి చూసుకోడు, బంతినే చూస్తాడు. ఇక్కడా కన్ను క్లే అంచు మీద, వీలైతే ముందు అంచు మీద ఉండాలి. గొట్టం ఒక మసక నీడలా కింద తెలిస్తే చాలు.

ఇది నిజంగా జరుగుతోందో లేదో పగిలిన ముక్కలే చెబుతాయి. క్లే పొడి పొడిగా పేలితే గుండ్ల మధ్యలో పడిందన్నమాట. వెనక అంచు నుంచి చిన్న ముక్క రాలి మిగతాది అలాగే పోతే మీరు వెనకబడ్డారు. అడుగున చిట్లి పైకి ఎగిరితే కిందకు కాల్చారు. హిట్ హిట్టే కదా అని ఇలా ముక్క మాత్రమే రాలే చిప్పుల్ని వదిలేయకండి. వరసగా మూడు చిప్పులు వచ్చాయంటే రాబోయే లాస్టుకు అది ముందస్తు కబురు.

చెంప లేవడం ఇంకో జబ్బు. ఈ తుపాకీకి వెనక సైటు ఉండదు, మీ కన్నే వెనక సైటు. తల అర సెంటీమీటరు లేచినా క్లే దగ్గరికి వెళ్లేసరికి గుండ్లు దాదాపు జానెడు ఎత్తున పోతాయి. పగిలిందా లేదా అని తొందరపడి చూడబోయినప్పుడు ఇది జరుగుతుంది. మొదటి తూటా పేలాక కూడా చెంప అక్కడే ఉంచి తుపాకీ క్లే వెంట సాగుతూ ఉండాలి. రెండో తూటా సుఖంగా పడేది కూడా అప్పుడే. అర్హత రౌండ్లలో రెండో తూటాకు పగిలినా మార్కు ఒకటే, కాబట్టి దాన్ని మొక్కుబడిగా వదలకండి. మొదటిది తప్పిందని తెలిసిన వెంటనే దడదడా కాల్చేవాళ్లు క్లేను మళ్లీ చూడకుండానే కాలుస్తారు. కళ్లు మళ్లీ అంచును పట్టుకున్నాకే రెండోది.

ఇక తుపాకీ. కొనే తొందర లేదు, కానీ క్లబ్బు తుపాకీ మీ ముఖానికి సరిపోతుందో లేదో తేల్చుకోవాలి. తెల్ల కాగితం పెద్దది ఒకటి, మధ్యలో గుర్తు పెట్టి, 15 మీటర్ల దూరంలో కట్టించండి. కొలిచి గురిపెట్టకుండా, ఆటలో ఎత్తినట్టే ఎత్తి ఐదు తూటాలు కాల్చండి. గుండ్ల గుంపు నడిమధ్య గుర్తుకు ఎంత పైనో కిందో కొలవండి. కోంబ్, అంటే చెంప ఆనే చెక్క, 1.5 మిల్లీమీటర్లు ఎత్తితే ఆ దూరంలో గుంపు 2.5 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. ట్రాప్‌లో క్లే ఎప్పుడూ పైకి లేస్తూ ఉంటుంది కనుక గుంపులో సగానికి పైగా గుర్తుకు మీదే పడేట్టు అమర్చుకుంటారు, పదింట ఆరో ఏడో వంతులు. క్లబ్బు తుపాకీ కోంబ్ సర్దుబాటు అయ్యే రకమైతే కోచ్ చేత మార్పించి, కొలత రాసి పెట్టుకోండి, వెళ్లిన ప్రతిసారీ అదే పెట్టించుకోవచ్చు. కదలని చెక్క అయితే పైన పలచటి ఫెల్టు పట్టీ అతికిస్తే సరిపోతుంది. చోక్ (గుండ్లు ఎంత విచ్చుకోవాలో నిర్ణయించే గొట్టం చివరి ఇరుకు) మార్చాలా అని ఆలోచించడం స్కోరు 22 దాటాక. 17, 18లో ఉన్నప్పుడు పోయేవి గుంపు పలచబడి తప్పుకున్నవి కావు, గుంపు మొత్తం పక్కనుంచి పోయినవి.

ఇంకో పరీక్ష తప్పనిసరి. రెండు చేతులూ చాచి, అరచేతులు కలిపి చిన్న కిటికీ చేసి, అందులోంచి దూరంగా ఒక వస్తువు చూడండి. ఒక్కో కన్నూ మూసి చూడండి. ఏ కన్ను తెరిచినప్పుడు వస్తువు కిటికీలో ఉంటుందో అది మీ పెత్తనపు కన్ను. కుడి భుజం మీద పెట్టి కాలుస్తూ ఎడమ కన్ను పెత్తనం చేస్తుంటే, ఎంత సాధన చేసినా స్కోరు ఒక చోట గోడలా ఆగుతుంది. దానికి మందు ఒక గోరంత మసక టేపు. ఎడమ కళ్లద్దం మీద, తుపాకీ ఎత్తినప్పుడు గొట్టం చివర కనిపించే చోట అతికించండి. రెండు కళ్లూ తెరిచే ఉండాలి.

ఇప్పుడు రౌండు లోపల ఏం చేయాలో. ఆరుగురి జట్టులో మీ వంతుకూ మీ వంతుకూ మధ్య ఐదుగురు కాలుస్తారు. ఈ ఖాళీలోనే లాస్టు కడుపులో చేరి పులుస్తుంది. కాబట్టి ఖాళీకి ఒక పని పెట్టాలి. తుపాకీ విరిచి (నడిమి కీలు దగ్గర తెరిచి) ఖాళీ తూటా బయటికొచ్చేదాకా బాధపడండి, అంతవరకు మీ సొంతం. అక్కణ్నుంచి తర్వాతి స్టేషన్‌కు నడిచేటప్పుడు ఒక్క ప్రశ్న: "నా కన్ను ఎక్కడుంది?" జవాబు దొరికితే సరే, దొరక్కపోతే వదిలేయండి. నిలబడ్డాక చూపు నేల మీద ఉంచండి. పక్కవాళ్ల క్లేలన్నీ వెంటాడితే 25వ క్లేకి మీ కళ్లు 150 క్లేలు చూసి అలిసిపోయి ఉంటాయి. వాళ్ల లాస్టులు లెక్కపెట్టడం అంతకన్నా చేటు.

మీకు ముందువాడు క్లే విసరమని పిలవబోతుండగా తూటాలు వేసుకోండి, తుపాకీ విరిచే ఉంచి. పాదాలు సరిచూసుకోండి. ముక్కుతో పీల్చి, నోటితో నిదానంగా పూర్తిగా వదలండి. అతను కాల్చాక తుపాకీ మూయండి, ట్రెంచ్ కప్పు మీది గుర్తు దగ్గర గొట్టం నిలపండి, చెంప ఆన్చండి. ఆ తర్వాత చూపును గొట్టం పైనుంచి, గుర్తుకు కాస్త అవతల, క్లే గీతలా కనబడే చోట మెత్తగా పరచండి. కప్పు అంచునే గుచ్చి చూస్తే క్లే వచ్చినప్పుడు కన్ను దాని వెనక పరుగెత్తాల్సి వస్తుంది. ఇక "పుల్", పొట్టిగా, ఒకే గొంతుతో. సాగదీసి అరిస్తే దవడ కదిలి చెంప జారుతుంది. చెంప ఆనినప్పటినుంచి పిలుపు దాకా రెండు మూడు సెకన్లు. ఐదు దాటిందంటే చేతులు బరువెక్కుతాయి, చూపు మొద్దుబారుతుంది. అలా అయితే తుపాకీ దించి మళ్లీ ఎత్తండి, మొహమాటం వద్దు. పిలిచాక క్లే దిక్కు తెలిసేదాకా గొట్టం కదలకూడదు. ఊహించి ముందే కదిలినవాళ్లు ఎదురు దిక్కుకు పోయిన క్లేను ఎప్పటికీ అందుకోలేరు.

పిలిచే ముందు మనసులో ఒక్క మాట పెట్టుకోవచ్చు. "అంచు" అనో "చూడు" అనో. "తప్పకూడదు" అన్నది మాత్రం వద్దు. అందులో చెయ్యాల్సిన పని ఏదీ లేదు, ఉన్నదల్లా భయమే. "ఇంకా ఏడు కొడితే 20" అన్నదీ అంతే. పుస్తకంలో స్కోరు పక్కన ఇంకో అంకె రాయండి: 25లో ఎన్నిసార్లు ఈ వరస మొత్తం తప్పకుండా చేశారు. మొదట 12, 13 వస్తుంది, ఆశ్చర్యపోకండి. మీరు పెంచవలసినది ఆ అంకె. క్లే పగలడం గాలి మీదా వెలుగు మీదా కూడా ఉంటుంది, వరస చేయడం మీ ఒక్కరి మీదే ఉంటుంది. గొప్పవాళ్లకూ రౌండ్లు చెడతాయి. పారిస్ 2024 ఒలింపిక్స్‌లో తమిళనాడు షూటర్ పృథ్వీరాజ్ తొండైమాన్ మొదటి రోజు 75కి 68తో వెనకబడ్డాడు. ఆ స్థితిలో మర్నాడు వచ్చి 50కి 50 కొట్టాడు. ఫైనల్‌కు అది చాలలేదు. కానీ ఏడు పోగొట్టుకున్న మనిషి యాభై వరసగా పగలగొట్టగలడనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు.

నెలకు వంద క్లేలే కనుక వాటిని నాలుగు పోటీ రౌండ్లుగా ఖర్చు పెట్టకండి. రేంజి వాళ్లు ఒప్పుకుంటే మొదటి 25 తెలిసిన క్లేలు వేయించుకోండి, పుస్తకంలో ఏ దిక్కు ఎక్కువ పోతోందో అదొక్కటే, ఒకే స్టేషన్ నుంచి. రెండో 25లో స్కోరు రాయకుండా వరస మాత్రమే. మిగతా రెండు రౌండ్లు మామూలుగా, మధ్యలో ముప్పావు గంట విరామంతో. మూడో రౌండులో భుజం జంకుతోందనిపిస్తే, మీకు తెలియకుండా కోచ్‌ను ఒక డమ్మీ తూటా కలపమనండి. పేలని తూటాకు గొట్టం కిందకు కుంగితే దెబ్బకు ముందే మీరు ఉలిక్కిపడుతున్నారన్నమాట. చెవులకు లోపల ప్లగ్గులూ పైన మఫ్సూ రెండూ పెట్టండి, సగం జంకు చప్పుడుకే.

మిగిలిన 28 రోజులూ చిత్తూరులోనే చేయవచ్చు. వడ్రంగి చేత ఒక చెక్క నమూనా చేయించండి: క్లబ్బు తుపాకీ స్టాక్ (భుజానికి ఆనించే చెక్క) పొడవూ కోంబ్ ఎత్తూ అవే, బరువు మూడున్నర కిలోలు. మొత్తం ఎర్ర రంగు వేయించండి, దూరంనుంచి ఎవరూ తుపాకీ అనుకోకూడదు. గదిలోనే వాడండి, మేడ మీద వద్దు. రోజూ 30 సార్లు, అద్దం ముందు నిదానంగా. తల చెక్క మీదికి వంగకూడదు, చెక్కే చెంప దగ్గరికి రావాలి. తర్వాత గోడా పైకప్పూ కలిసే గీత వెంట, మూలనుంచి మూలకు, నడుముతో తిప్పుతూ గొట్టం చివర గీత దాటకుండా 20 సార్లు. చివర ఒక చిన్న టార్చి కడితే వంకర ఎక్కడొస్తోందో వెలుగే చూపిస్తుంది.

తోటలో చేయమన్నది ఇది. మీ వెనక నిలబడి ఎవరైనా ఫ్రిస్బీయో ఐస్‌క్రీం డబ్బా మూతో ఎటో ఒకవైపు విసరాలి. మీరు రెండు కళ్లతో దాని ముందు అంచును పట్టుకుని చూపుడు వేలితో వెంబడించాలి. వేలిని చూడకూడదు. మూత మీద పెద్దగా ఒక అక్షరం రాసి, నేల తాకేలోపు చదవండి. రోజుకు 25. మామిడాకుల నేపథ్యంలో పచ్చ మూత కష్టం, నారింజ సులువు. రెండూ మార్చి మార్చి వాడండి. దగ్గరి చూపు, దూరపు చూపు మార్చే కసరత్తు కూడా అక్కడే: చేతి దూరంలో ఒక ఆకు ఈనె, ఆ వెంటనే కొండ మీది ఒక బండ, 20 సార్లు.

ఊపిరి వరసకు తిరుమల మెట్లకన్నా మంచి చోటు లేదు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, అలిపిరి దారి 3,550. ఎక్కేటప్పుడు గుండె బాగా కొట్టుకుంటుండగా పక్కకు నిలబడి, మీ ఊపిరి వరస చేసి, ఎన్ని నిశ్వాసాలకు భుజాలు దిగుతున్నాయో చూసుకోండి. మొదట ఎనిమిదో పదో పట్టొచ్చు. నాలుగుకు తేగలిగితే పోటీలో అంతకన్నా అవసరం రాదు.

ప్రయాణం కూడా స్కోరులో భాగమే. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా సగం నిద్రతో వచ్చి కాచిగూడలో దిగి నేరుగా రేంజికి పోతే, చేతులు పనిచేసినా కళ్లు క్లేను ఆలస్యంగా పట్టుకుంటాయి. ముందు రోజే చేరి అక్కడ నిద్రపోండి. పొద్దున రెండు మూడు ఇడ్లీలో పలచటి రాగి జావో, ఆడటానికి గంటన్నర ముందు. కాఫీ మీకు రోజూ ఎన్నో అన్నే, రేంజిలో అదనంగా వద్దు, వేలికి వణుకొస్తుంది. ఎండాకాలమైతే రౌండుకూ రౌండుకూ మధ్య ఉప్పు వేసిన మజ్జిగ ఒక గ్లాసు, కళ్లద్దాలు నీడలో తీసి రెండు నిమిషాలు కళ్లు మూసుకోవడం. మూడు ప్రయాణాలయ్యాక పుస్తకంలో ఆ రెండు లెక్కలూ, లాస్టు తర్వాతి హిట్లూ వరస అంకే, మాకు రాసి పంపండి. తుపాకీ కొనాలా, ఏ కొలతల్లో కొనాలి అన్నది వాటిని చూసి చెప్పగలం.